వెనకాల నడిచే పెళ్లికూతురు

ఏమే యుదెల్కా, గుమ్మంలోనే ఆగిపోయావేం, లోపలికి రా. కాళ్ళకి బురదుంటే ఉండనీ, ఇక్కడేమన్నా పాలరాళ్ళు పరిచానా. ఆ బల్ల మీద కూర్చో. కాఫీ ఉంది, చల్లారిపోయుంటుంది, తాగితే తాగు లేకపోతే మానెయ్. మీ అమ్మ ఇంకా నాకు భోజనం తేలేదు, వంట అయ్యుండదు. ఏంటీ, జీను కావాలా? ఏ జీను? గోడకి వేలాడుతున్న ఆ బరువుల జీనా? నీ ఆరు కంచరగాడిదలకీ ఆరు బరువుల జీన్లున్నాయి కదే, మొన్ననేగా కొత్త పట్టీలు వేయించావ్. ఏడోదానికా? ఏడోదానికి బరువుల జీనేంటి, ఏడోది పెళ్లికూతురు కదా! దాని మీద ఏం వేస్తావ్? సిలిండరా? వంటగ్యాసు కూడా కాదు, బుడగల్లో నింపే గ్యాసా? ఓరి నాయనో! ఎవడో రాజధాని నించి వచ్చి శిఖరం మీద ఒక పిల్ల వేలికి ఉంగరం తొడుగుతాడా, తొడిగే నిమిషానికి ఎర్ర బుడగలు పైకి లేవాలా, అదంతా ఎగిరే కెమెరాతో తీయాలా! ఆ పిల్ల నాకొద్దు పోరా అంటే ఏం చేస్తాడంట, బుడగల్ని మళ్ళీ కిందికి పిలుస్తాడా? నవ్వకు. నాకు ఒళ్ళు మండిపోతోంది, నువ్వు నవ్వకు.

ఇవ్వను. ఆ జీను ఇవ్వను గాక ఇవ్వను. ఆ టూరు ఏజెంటు అడిగాడు కదూ? నాకు తెలుసు వాడెలా అడిగుంటాడో. "యుదెల్కా మేడమ్, చిన్న సిలిండరే మేడమ్, పసిపిల్ల బరువు కూడా ఉండదు, ఎలాగూ ఆ చివరి గాడిద ఖాళీగానే కదా నడిచేది." ఖాళీగా! ఆ మాట వింటే నాకు నెత్తికెక్కుతుంది. ఖాళీగా నడవడమే దాని పని. మంత్రసాని ఇంటి ముందు గుర్రం కట్టేసి ఉంటే, ఖాళీగానే ఉంది కదా అని పొలం దున్నడానికి తోలుకుపోతామా? నువ్వూ సరే అన్నావు, అదీ నాకు మంట. వాడంటే బయటివాడు, వాడికేం తెలుసు. నువ్వు ఈ కొండలో పుట్టినదానివి.

నేనేదో టూరిస్టులంటే పడని ముసలాడిననుకుంటున్నావేమో. కాదు. నేను వాళ్ళ తిండి తిన్నవాణ్ణి. ముప్పయ్యేళ్ళు వాళ్ళని ఎక్కించాను, దించాను, వాళ్ళ బొబ్బలకి సూదితో నీళ్ళు తీశాను, వాళ్ళ పెళ్ళాల ఫోటోలు చూసి అబ్బో అన్నాను. పైన్ చెట్ల మధ్య పొద్దున్నే మంచు లేస్తుంటే నోరు తెరుచుకుని నిలబడిపోయేవాళ్ళు చూడు, వాళ్ళంటే నాకిష్టం. ఒకాయన, హరబాకోవా ఊరి పోస్టాఫీసులో గుమస్తా, ఏడాదికోసారి వచ్చేవాడు, మొదటి వాగు దాటగానే టోపీ తీసి కొండకి దణ్ణం పెట్టేవాడు. అలాంటివాళ్ళకి నా భుజం మీద కూర్చోమన్నా కూర్చోబెట్టేవాణ్ణి. కానీ ఈ నాలుగు చక్రాల బళ్ళేసుకుని వాగులో బుర్రుబుర్రుమని తిరిగేవాళ్ళు, సలామీ మాంసం ముక్కలు తిని ఆ తొక్కలు బురదలో పారేసేవాళ్ళు, అడవిలో పాటలు పెట్టి పిట్టల్ని తరిమేవాళ్ళు! మొన్న ఆదివారం మా వంటింటి కిటికీలోంచి వినపడింది, అవతలి గట్టు మీద ఢమఢమా ఢమఢమా. నా కోడి పొదిగే గుడ్ల మీద నించి లేచిపోయింది. పన్నెండు గుడ్లు పాడైపోయాయి. ఎవణ్ణి అడగాలి? సరే, కోడి సంగతి కాదు నేను చెప్పేది.

నీకు మీ తాత సంగతి చెప్పాలి. ప్లీనియో సంగతి. నువ్వు చూడలేదు, మీ అమ్మకే పదేళ్ళప్పుడు పోయాడు. మనిషి పొట్టి. నా భుజం దాకా వచ్చేవాడంతే. కానీ కొండెక్కుతుంటే చూడాలి, మాట్లాడుతూ ఎక్కేవాడు, ఆయాసం అనేది ఎరగడు. ఆ రోజుల్లో గైడు అంటే ప్లీనియోనే, మిగతా మేమందరం గాడిదల వెంట నడిచేవాళ్ళం. శాంతియాగో పట్నం నించి వచ్చినవాళ్ళు "ప్లీనియో ఉన్నాడా" అని అడిగి, ఉంటేనే బండి దిగేవాళ్ళు. గొంతు మాత్రం మేకపిల్ల గొంతు. ఆ గొంతుతో చర్చిలో పాడేవాడు, ఫాదరు గారే తల పట్టుకునేవాడు. తొమాసినా, మీ అమ్మమ్మ, ఒకసారి అందరి ముందే అనేసింది, "దేవుడికి చెవులున్నాయయ్యా, కాస్త మెల్లిగా పాడు" అని. అయినా పాడేవాడు. ఒక్క చుక్క తాగేవాడు కాదు. గుర్తుపెట్టుకో ఈ మాట. వాళ్ళ నాన్న తాగి తాగి పోయాడు, అందుకని ప్లీనియో రమ్ము వాసన వస్తే పక్కకి జరిగి కూర్చునేవాడు. మళ్ళీ చెప్తాను, గుర్తుపెట్టుకో.

పెళ్లికూతురు పద్ధతి పెట్టింది ఆయనే. అంతకుముందు లేదది. తనకి పాతికేళ్ళప్పుడు ఆయనా ఇంకో ముగ్గురూ కలిసి ఒక కాలేజీ కుర్రాణ్ణి కొండ మీద నించి దించారు, తొడ విరిగింది వాడికి. గాడిదలన్నీ సామాన్లతో ముందెళ్ళిపోయాయి. గుడ్డలో వేసి గుంజకి కట్టి పదకొండు గంటలు మోశారు. వాగు దగ్గరికొచ్చేసరికి ఆ కుర్రాడు నీళ్ళు అడిగాడంట, ఇచ్చేలోపలే పోయాడు. అప్పటినించీ ప్లీనియో ఎన్ని గాడిదలు తోలినా ఒక గాడిద అదనం. దాని మీద సవారీ జీను, జీను వెనక మైనపు గుడ్డలో చుట్టిన ఉన్ని దుప్పటి, ఒక సంచిలో అల్లం ముక్కలు, బెల్లం, అగ్గిపెట్టె, జిగురు పట్టిన పైన్ చెక్కలు, అవే కువాబా, తడిసినా భగ్గున అంటుకుంటాయి చూడు అవి. అంతే. గడ్డిపోచ బరువు కూడా దాని మీద వెయ్యనిచ్చేవాడు కాదు. అందరికన్నా వెనక నడవాలి. దాని వెనక ఒక్క గైడు, మెడలో శంఖం. వెనకవాడు శంఖం ఊదితే ముందువాడు ఎక్కడివాడక్కడ ఆగి వెనక్కి రావాలి. మా వాళ్ళు ఎన్ని నవ్వులు నవ్వారో! "ఏం ప్లీనియో, మేమంతా మోస్తుంటే నీ పెళ్లికూతురు చేతులూపుకుంటూ వస్తోందే, ముసుగు కూడా వెయ్యలేకపోయావా" అనేవాళ్ళు. నేనే అన్నాను, దాని చెవికి ఒక తెల్ల గుడ్డ కూడా కట్టాను. ఆయన విప్పలేదు. "బావుంది, దూరం నించి కనపడుతుంది" అన్నాడు. అలా పెళ్లికూతురు అన్న పేరు నిలిచిపోయింది. ఇప్పుడు నీ ఏడో గాడిద చెవికి కట్టే తెల్ల గుడ్డ ఉంది చూడు, అదే ఇది. ఎందుకు కడుతున్నామో కూడా తెలీకుండా కడుతున్నారు మీరు.

ఏమన్నావ్? ఏమన్నావే? "మా తాత కూడా వేశాడుగా" అన్నావా? పెళ్లికూతురి మీద బరువు వేసి, తాగి, చలికి పోయాడు కదా, ఆ పద్ధతి ఆయనే తప్పాడు కదా, నాకెందుకు చెప్తున్నావ్ అంటున్నావా? నోర్ముయ్! ఎవరు చెప్పారు నీకు? అందరూ చెప్పారు, ఆఁ. బళ్ళో చెప్పారు, కొట్టు దగ్గర చెప్పారు, తాగుబోతు మనవరాలు గైడు అయిందని వెనక అన్నారు. మీ అమ్మ కూడా చెప్పిందా? మీ అమ్మ ఏం చేస్తుంది, దానికి ఎవరేం చెప్పారో అది నీకు చెప్పింది. కూర్చో. వెళ్ళకు. కూర్చోమంటున్నానా! అరవట్లేదు. నీ మీద కాదు అరిచేది. సరే, ఒక పని చెయ్. లేచి ఆ గోడ దగ్గరికి వెళ్ళు. జీను దించొద్దు, ఊరికే ఎడమ వైపు తోలు మీద చెయ్యి పెట్టి చూడు. కింద, కింద. చిల్లు తగిలిందా? నాలుగు వేళ్ళు పడతాయి. అంచులు చూడు, కోసినట్టు లేవు, ఎలకలు కొరికినట్టూ లేవు, తినేసినట్టున్నాయి కదూ. అది కారు బ్యాటరీలో యాసిడ్ తిన్నది. ఇప్పుడొచ్చి కూర్చో. మధ్యలో మాట్లాడకు, మాట్లాడితే నేను ఆపేస్తాను, ఆపితే మళ్ళీ మొదలుపెట్టలేను.

జనవరి. అల్తగ్రాసియా మాత పండగ వారం, సెలవులు. శాంతియాగో నించి పధ్నాలుగు మంది వచ్చారు, కొండలెక్కే సంఘం అని ఒకటుండేది వాళ్ళకి. వాళ్ళ పెద్ద ఒక ఇంజినీరు. పేరెందుకులే, చచ్చిపోయాడు. బూట్లు చూస్తే మొహం కనపడేది. వాడు ఒక టేపురికార్డరు, ఇంత స్పీకరు పెట్టె, దానికి కారు బ్యాటరీ తెచ్చాడు. శిఖరం మీద డాన్సు చేస్తారంట! దేశంలో అందరికన్నా ఎత్తున మేమే మెరెంగె ఆడాం అని చెప్పుకోడానికి. మొదటి రోజు మామూలు గాడిద మీద, దారిలో రాత్రి పడుకునే షెడ్డు దాకా తెచ్చాం. పైకి వెళ్ళేటప్పుడు సామాను గాడిదలు షెడ్డు దగ్గరే ఉండిపోతాయి కదా, మర్నాడు దించాలి గనక వాటికి విశ్రాంతి. పైకి పెళ్లికూతురొక్కటే వస్తుంది. ప్లీనియో ఆ సాయంత్రమే చెప్పేశాడు, "అయ్యగారూ, పాటలు షెడ్డులోనే పెట్టుకోండి, పైకి రావు" అని. ఇంజినీరు మొహం మాడ్చుకున్నాడు. మర్నాడు పొద్దున దారికడ్డంగా పైన్ చెట్టు పడిందని తెలిసి ప్లీనియో కత్తి పట్టుకుని, నడవగల కుర్రాళ్ళని వెంటబెట్టుకుని ముందెళ్ళిపోయాడు. వెనక పెళ్లికూతురితో నేను. అప్పుడొచ్చాడు ఇంజినీరు నా దగ్గరికి. భుజం మీద చెయ్యి వేశాడు. "సెకుందినో గారూ" అన్నాడు. గారూ! నాకు ముప్పయ్యేడేళ్ళు, యుదెల్కా, అప్పటిదాకా నన్ను గారు అన్న మనిషి లేడు. ప్లీనియో గారు, ప్లీనియో గారు, అందరికీ ఆయనే గారు. నేను ఒరే సెకుందో. "సెకుందినో గారూ, ఆయన ముందెళ్ళిపోయాడు, వెనక మీరే కదా పెద్ద. ఆకాశం చూడండి, మబ్బు తునక లేదు. సాయంత్రానికి దిగిపోతాం." అంతే. ఇంకేం ఇవ్వలేదు వాడు నాకు. ఆ ఒక్క మాటకి అమ్ముడుపోయాను.

నేను వేశాను. విన్నావా? నేను. మీ తాత కాదు. ఈ చేతులు. సవారీ జీను తీసి షెడ్డులో మేకుకి తగిలించాను. దుప్పటి తీసేశాను. కువాబా సంచి అడ్డమొస్తోందని అదీ తీసేశాను. ఈ బరువుల జీను కట్టి ఒక పక్క బ్యాటరీ, ఒక పక్క స్పీకరు పెట్టె, పైన టేపురికార్డరు. అది నా వంక తల తిప్పి చూసింది, అలవాటు లేదు కదా దానికి. మూతి మీద ఒకటిచ్చాను. నవ్వుకుంటూ కూడా ఉన్నాను, సిగ్గు లేకుండా. ప్లీనియో పైన చూస్తాడు, చూసి ఏం చేస్తాడు, పధ్నాలుగు మంది ముందు నన్నేమంటాడు అనుకున్నాను. అదీ నా బుద్ధి.

పది దాటిందో లేదో మబ్బు దిగింది. కనుమ దగ్గర నీకు తెలుసుగా, చెట్లు పలచబడతాయి, గాలి అడ్డూ ఆపూ లేకుండా కొడుతుంది. వాన మొదలైంది, వానలో మంచు ముక్కలు, సూదుల్లా. అందరికన్నా వెనక ఒకావిడ నడుస్తోంది, నెరెయిదా టీచరమ్మ, యాభయ్యేళ్ళు పైనే, చీపురుపుల్లలా ఉండేది, కానీ ఎంత హుషారో, దారి పొడుగునా ప్రతి పువ్వు పేరూ నన్నడిగేది. ఆవిడ బూటు అడుగు ఊడిపోయింది. తీగతో కట్టాను. ఇంకో నూరడుగులు నడిచి కూలబడింది. చూస్తే పెదాలు నల్లబడ్డాయి. "సెకుందినో, నాకు నిద్రొస్తోంది, ఒక్క నిమిషం పడుకుంటా" అంటోంది, మాట ముద్దగా వస్తోంది. ఆ మాట వింటే గైడు అన్నవాడికి గుండె ఆగిపోవాలి. దుప్పటి కోసం చెయ్యి వెనక్కి చాచాను. అలవాటు కదా. చేతికి స్పీకరు పెట్టె తగిలింది.

బరువు దించేసి ఆవిణ్ణి ఎక్కించొచ్చు కదా అంటావ్. అదే చేయబోయాను. ముళ్ళు తడిసి బిగుసుకుపోయాయి, వేళ్ళు కొయ్యబారిపోయాయి, పళ్ళతో లాగుతున్నాను. పక్కన ఇంజినీరు, "జాగ్రత్త, జాగ్రత్త, నిలువుగా పట్టుకో, అది వంగకూడదు!" అని గోల. గారు పోయింది చూశావా, పట్టుకో అంట. ఒక పక్క ముడి ఊడింది, బ్యాటరీ ఒరిగిపోయింది, యాసిడ్ కారి జీను తోలు తినేసి దాని డొక్క మీద పడింది. యుదెల్కా, గాడిద కేక నువ్వు చాలా విని ఉంటావు. ఆ కేక విని ఉండవు. ఒక్క తన్ను తన్ని తాడు తెంపుకుని లోయలోకి పడిపోయింది. పెట్టె రాళ్ళ మీద దొర్లుకుంటూ పోయిన చప్పుడు చాలాసేపు వినపడింది. అంతే, ఇంక మా దగ్గర గాడిద లేదు, దుప్పటి లేదు, నిప్పు లేదు. మెడలో శంఖం ఒక్కటే ఉంది. ఊదాను. ఎంత ఊదానో, నోట్లో రక్తం రుచి వచ్చింది.

పై నించి దూకుతూ వచ్చాడు ప్లీనియో. టీచరమ్మని చూశాడు. గాడిద కోసం చూశాడు. దారి మీద పడున్న వైరు ముక్క చూశాడు. నా వంక చూసి ఒకే మాట అడిగాడు, "దుప్పటేది?" "షెడ్డులో" అన్నాను. తిడతాడనుకున్నాను. తిట్టి ఉంటే బావుండేది, రెండు తగిలించి ఉంటే ఇంకా బావుండేది, ఈ నలభై ఒక్క ఏళ్ళూ నాకు కాస్త తేలికగా గడిచేవి. తన ఉన్ని కోటు విప్పి ఆవిడకి తొడిగాడు, వానకోటు కూడా ఆవిడకే చుట్టాడు, తాడు తీసుకుని ఆవిణ్ణి వీపుకి కట్టించుకున్నాడు. నేనే కట్టాను. ఒంటి మీద చొక్కా ఒక్కటే. "మిగతావాళ్ళని నువ్వు దించు. ఒక్కణ్ణి కూడా వెనక వదలొద్దు" అన్నాడు. నన్ను నమ్మి చెప్పాడు, చూడు. అప్పుడు కూడా నమ్మాడు. దిగిపోయాడు. ఆ పొట్టి మనిషి వీపు మీద ఆవిడ కాళ్ళు నేలకి తగులుతున్నాయి.

పైకెళ్ళిన కుర్రాళ్ళు వచ్చేదాకా ఆగి, అందర్నీ కూడగట్టుకుని నేను దించడం మొదలుపెట్టాను. షెడ్డు ఇంకో అరగంట ఉందనగా, ఇంకా వెలుతురు ఉంది, దారి పక్కన చెట్టుకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు ప్లీనియో. తర్వాత తెలిసింది, టీచరమ్మని షెడ్డుకి చేర్చాడు, కువాబాతో మంట వేశాడు, అల్లం కాచి తాగించాడు, సామాను గాడిదల్ని కాసే మనిషికి అప్పజెప్పాడు. "నువ్వూ కూర్చో ప్లీనియో, వణికిపోతున్నావ్" అంటే, "వెనక పదమూడు మంది ఉన్నారు, వాళ్ళ దగ్గర దుప్పటి లేదు" అన్నాడంట. ఆ తడి చొక్కాతోనే మళ్ళీ ఎక్కాడు. చేతుల్లో, గుండెకి హత్తుకుని, ఆ దుప్పటి. మైనపు గుడ్డ ముడి కూడా విప్పలేదు. పొడిగా ఉంది లోపల. నేను విప్పి చూశాను, పొడిగా, వెచ్చగా ఉంది. కప్పుకోలేదు ఆయన. పడినవాళ్ళకి అది, ఆయన దృష్టిలో ఆయన పడలేదు ఇంకా.

నేను కప్పాను. రుద్దాను. ఇంజినీరు జేబులోంచి రమ్ము సీసా లాక్కుని నోట్లో పోశాను, లేస్తాడేమోనని. గడ్డం మీద నించి కారిపోయింది. ఆ వాసనే ఠాణాలో పనికొచ్చింది వాళ్ళకి. మర్నాడు మధ్యాహ్నం ఠాణాలో ఇంజినీరు ఇస్త్రీ మడత నలగని గొంతుతో చెప్పాడు, "మనిషి తాగి ఉన్నాడు సార్, బరువు ఆయనే వేయించాడు, వద్దన్నా వినలేదు." పోలీసాయన రాసుకుని నా వైపు తిరిగాడు, "అవునా?" అని. ఇంజినీరు నా వంక చూస్తూ, "సెకుందినో గారు అక్కడే ఉన్నారుగా" అన్నాడు. మళ్ళీ గారు. నాకు చదవడం రాదు, నా పేరు రాయడం ఒక్కటే వచ్చు. రాశాను. గుండ్రంగా, అందంగా రాశాను. జైల్లో పెడతారని భయం, అదీ నిజమే. కానీ ప్లీనియో లేకపోతే ఇంక గైడు ఎవడు, నేనే కదా అని ఒక మూల ఆలోచన కూడా వచ్చింది, ఆయన్ని ఇంకా పాతిపెట్టలేదు, అప్పుడే వచ్చింది. ఉమ్మెయ్యాలనుంటే ఉమ్మెయ్ నా మొహాన. ముప్పయ్యేళ్ళు గైడునయ్యాను. అందరూ సెకుందినో గారు అన్నారు. విన్న ప్రతిసారీ ఠాణాలో నేను పెట్టిన ఆ సంతకం కళ్ళ ముందుకొచ్చేది.

అడవి ఆఫీసువాళ్ళు తాగి చచ్చినవాడికి పరిహారం ఏమీ రాదన్నారు. తొమాసినా ఇరవయ్యేళ్ళు వాగు దగ్గర జనం బట్టలుతికింది. ఏడాదికి టీచరమ్మ వచ్చింది, కొత్త కోటు ఒకటి పట్టుకుని. "నన్ను మోసినాయన దగ్గర పైన్ పొగ వాసన తప్ప ఇంకే వాసనా లేదయ్యా, తాగాడంటారేంటి అందరూ" అని నన్నే అడిగింది. ఈ గుమ్మంలోనే, నువ్వు నిలబడ్డ చోటే. "మీకు స్పృహ లేదమ్మా, తాగేవాడు" అన్నాను. కోటు ఇక్కడ పెట్టి ఏడ్చుకుంటూ వెళ్ళిపోయింది. లోయలో పడి చచ్చిందనుకున్న పెళ్లికూతురు మూడో రోజున తిరిగొచ్చింది, ఈ జీను కడుపు కిందికి వేలాడుతూ, డొక్క మీద తోలు ఊడి. ఆ చోట వెంట్రుక మళ్ళీ మొలవలేదు. పదకొండేళ్ళు బతికింది. నేను దగ్గరికెళితే చెవులు వెనక్కి పెట్టేది, దానికి తెలుసు. మనుషులెవరికీ తెలీదు. మీ అమ్మని జ్ఞానస్నానం రోజున ఎత్తుకున్న జ్ఞానతండ్రిని నేను, మా ఆవిడ పోయిన దగ్గర్నించీ తొమ్మిదేళ్ళుగా ప్రతి మధ్యాహ్నం మీ అమ్మ ఎర్సీలియా గిన్నె మీద గిన్నె బోర్లించి, వేడి చల్లారకుండా గుడ్డ చుట్టి నాకు తెచ్చి పెడుతోంది. "తిను నాన్నా, యూకా దుంప మెత్తగా ఉడికించాను, నీ పళ్ళకి పట్టదని" అంటుంది. నాన్నా అంటుంది. తింటున్నాను. తొమ్మిదేళ్ళుగా తింటున్నాను.

ఏంటలా చూస్తావ్? తిట్టు. మీ తాతలాగే నువ్వూ తిట్టకుండా వదిలేస్తావా? సరే. ఆ మంచం కింద చెక్కపెట్టె లాగు. బరువుంటుంది, జాగ్రత్త. తెరువు. ఆ కోటు టీచరమ్మది, పక్కన పెట్టు, అది మీ ఇంటిదే. కింద ఉంది చూడు, సవారీ జీను. మీ తాతది. ఏడాదికి రెండుసార్లు నూనె పెట్టాను, తోలు ఎక్కడా పగల్లేదు. రేపు దాన్ని కట్టు నీ పెళ్లికూతురికి. ఆ ఏజెంటు గొంతు చించుకుంటే సిలిండరు వాడి నెత్తిన పెట్టుకుని ఎక్కమను. ఆ గోడ మీది జీను మాత్రం ముట్టుకోకు, అది పొయ్యిలోకి వెళ్ళాలి, వెళ్ళేముందు ఊరంతా వచ్చి ఆ చిల్లులో వేలు పెట్టి చూడాలి.

ఎవరది, వీధిలో? ఎర్సీలియాయేనా? గిన్నె పట్టుకునే వస్తోందా? యుదెల్కా, నువ్వు చెప్పకు, నేను చెప్తాను. నా చెయ్యి పట్టుకుని లేపు. ఆ మోకాలు అంతే, చప్పుడు చేస్తుంది, లేపు. కుర్చీ అవతలికి లాగెయ్, నిలబడే చెప్తాను. ఆ గిన్నె మాత్రం నేను చెప్పేదాకా నా చేతికివ్వొద్దను.